వదినె కలిపిన లిల్లీలు

అన్న దినాలు అయిపోయిన మర్నాడు పొద్దున వదినె పెరట్లో లిల్లీల దగ్గర కూర్చుని కనిపించింది. అది 2010 ఎండాకాలం. గుండ్లపోచంపల్లిలో గోడౌన్ డ్యూటీ దిగి మేడ్చల్‌లోని మా ఇంటికి బండి మీద వస్తుంటే, హైవే మీద లారీ గుద్ది అన్న పోయాడు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అందరూ ఏడుస్తుంటే నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. వచ్చినవాళ్లకు చాపలు పరుస్తూ తిరిగాను.

డే లిల్లీలంటే అన్నకు పిచ్చి. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోయే పూలు అవి. ఒక రంగు పువ్వు పుప్పొడిని ఇంకో రంగు పువ్వుకు అంటించి, దానికి కాసిన గింజలు మొలిపిస్తే కొత్త రంగు వస్తుందనేవాడు. ఆ ఏడు పసుపునూ మెరూన్‌నూ కలపాలనుకున్నాడు. అవి పూసేసరికి తను లేడు.

వదినె మెరూన్ పువ్వులోంచి పుప్పొడి తీసి, పసుపు పువ్వు నడుమ పొడుగ్గా ఉండే కాడ కొసకు రాస్తోంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"గిప్పుడు పూలతోని ఏం పని బిడ్డా? నలుగురు సూస్తే ఏమంటరు?"

"ఇయ్యాల పూసినయి అత్తమ్మా. రేపటికి ఉండయి," అంది వదినె తలెత్తకుండానే. తర్వాత నాతో, "పిల్లా, జర దారం తే," అంది.

తెచ్చి, ఆ పువ్వు కాడకు గుర్తుగా కట్టాను. వానాకాలంలో కాయ పగిలితే మిరియాల్లాంటి నల్లని గింజలు రాలాయి. కుండీల్లో వేశాం. నీళ్లు పోయడం నా పని. కొన్ని మొలిచాయి, కొన్ని కుళ్లిపోయాయి. నాకు రెండూ ఒకటే అనిపించింది.

రెండేళ్లు గడవకముందే రావల్కోల్ నుంచి వదినె వాళ్ల నాయిన వచ్చాడు. శామీర్‌పేటలో ఒక సంబంధం ఉందని, అతనికీ భార్య పోయిందని, నేల చూస్తూ చెప్పాడు.

"ఎన్నేండ్లని గిట్లుంటది అన్నా? జేసెయ్యి," అంది అమ్మ.

వదినె పెళ్లయి వెళ్లిపోయిన ఎండాకాలంలోనే ఆ మొక్కలు మొదటిసారి పూశాయి. ఫోన్ చేశాను.

"ఏ రంగున్నది?"

"ఇటుకపొడి లెక్కున్నది. ఏం మంచిగ లేదు వదినె."

"పీకెయ్యకు. నేనొస్త."

ఆదివారం భర్త బండి మీద వచ్చింది. అతను గేటు బయటే ఆగిపోయాడు. అమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "గాడ్నే నిలవడ్డవేంది బిడ్డా, లోపటికి రా," అని పిలిచి చాయ్ పెట్టింది. నేను ఆ మొక్కల్లో ఒక కుదురు తవ్వాను. వదినె దాన్ని రెండుగా చీల్చి, ఒక సగం తడి గోనెలో చుట్టింది.

వాళ్లు వెళ్లాక అమ్మ గ్లాసులు కడుగుతూ, "పిలగాడు మంచోని లెక్కనే ఉన్నడు," అంది.

ఊఁ అని, మిగిలిన సగాన్ని మళ్లీ పాతి నీళ్లు పోశాను.