ఎడమ పళ్ళెం, కుడి పళ్ళెం

మలుపు తిరిగినప్పుడల్లా వ్యాను వెనకాల ఎవరో ఇనప గొలుసు నములుతున్నట్టు చప్పుడు. రొట్టెల వ్యానమ్మ అద్దాలు పైకెత్తి చూసింది. అయినా వినపడింది.

వీధిలో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. బేకరీ నుంచి దుకాణాలకు రొట్టెలు చేరవెయ్యడం అసలు పెనిమిటి పని. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. బండి తోలడం ఆయనే నేర్పిపెట్టాడు గనక, దినకర్మలయ్యాక మారు మాట్లాడకుండా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

పెనిమిటితో ఒకే షెడ్డులో పని నేర్చుకున్న పొట్టి మేస్త్రీ వెనక చక్రం ఎత్తి, తిప్పి చూసి పెదవి విరిచాడు.

"డిఫరెన్షియల్లో చిన్న పళ్ళచక్రాలు అరిగాయి చెల్లెమ్మా. విప్పి కూర్చునే ఓపిక నాకు లేదు. మొత్తం తీసేసి ఇంకోటి పెట్టేద్దాం. పొద్దున ఇస్తే సాయంత్రానికి బండి నీది."

"మరి పాతది?"

"తుక్కులోకి. షోకేసులో పెట్టుకుంటావా ఏంటి?"

ఆవిడ నవ్వలేదు. ఆలోచించి చెప్తానని ఇంటికొచ్చేసింది.

డిఫరెన్షియలంటే వెనక చక్రాల మధ్యనుండే ఇనప గుండు; అందులో ఒక పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే పినియను ఉంటాయి. రెంటి మధ్యా సందు వెంట్రుకవాసి. పోవడానికి రెండు నెలల ముందు ఆ సందు పెనిమిటే కుదిర్చాడు. పళ్ళకు రంగు పూసి, తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూసి, మళ్ళీ విప్పి, పక్కల్లో పల్చటి రేకులు ఒకటి తీసి ఒకటి వేసి, రోజంతా బండి కిందే. ఆయన చొక్కాలు తలో చుట్టానికీ వెళ్ళిపోయాయి. ఆయన చేత్తో బిగించింది బిగించినట్టు లోకంలో మిగిలింది ఇదొక్కటే.

తనే విప్పితే? అరిగిన చిన్నచక్రాలు మార్చి, రేకులు ఎక్కడివక్కడ పెట్టేస్తే ఆయన సందు చెక్కుచెదరదు. తేడా వస్తే మాత్రం అన్నీ పోతాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. పంతొమ్మిదేళ్ళు పక్కన నిలబడి సామాన్లు అందించింది, చూసింది చాలదా అనిపించేది. మరుక్షణం, చూసినంత మాత్రాన వస్తుందా అనిపించేది.

మూడోనాడు జాకీ వేసింది.

"ఆ బండి కిందే కాపురం పెట్టావా ఏమిటే?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"అవునత్తయ్యా. మీ అబ్బాయి పెట్టిన కాపురమే."

ముసలావిడ లోపలికెళ్ళింది. దీపం తెచ్చి చక్రం పక్కన పెట్టి వెళ్ళింది.

కాళ్ళు వెనక బంపరు బయటికి చాపుకుని వెల్లకిలా పడుకుని ఒక్కొక్కటే విప్పింది. ఎడమవైపు రేకులు ఒక పళ్ళెంలో, కుడివైపువి ఇంకో పళ్ళెంలో. ఏది ఏదో సుద్దతో రాసింది. కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తళతళా తుడిచింది. కొత్త చిన్నచక్రాలు కూర్చి, రేకులు వేసి బిగించింది. ఆ పూట కడుపునిండా తింది.

మర్నాడు మూడో దుకాణం దాటకుండానే బండి ఊళ పెట్టింది. తర్వాత ఏదో ఫట్‌మంది.

పొట్టి మేస్త్రీ తాడు కట్టి లాక్కొచ్చాడు. విప్పి, పెద్దచక్రం పళ్ళు వేలితో తడిమాడు. నాలుగు లేవు.

"రేకులు తారుమారయ్యాయి చెల్లెమ్మా. ఎడమవి కుడికి పడ్డాయి."

"పళ్ళేల మీద రాసుకున్నానన్నయ్యా! ఎడమ పళ్ళెంలోవి ఎడమకే..." అంటూ ఆవిడ కుడిచెయ్యి చాపింది. చాపిన చేతిని చూసుకుంది.

పంతొమ్మిదేళ్ళూ పెనిమిటి బండి కింద, ఈవిడ ఆయన కాళ్ళ దగ్గర ఎదురుగా. ఆయన ఎడమ ఈవిడకి కుడి. కాపురానికొచ్చిన కొత్తలో దాని మీద రోజూ తగువే. "కింద పడుకున్నవాడి ఎడమే ఎడమ, పైనున్నవాళ్ళు నోరు మూసుకోవాలి" అని ఆయన తేల్చేశాడు. అప్పట్నుంచీ ఎడమ అనగానే ఈవిడ చెయ్యి కుడివైపుకే పోయేది. నిన్న కింద పడుకున్నది తనే. విప్పేటప్పుడు చూసి చూసి తన ఎడమనే ఎడమని రాసుకుంది. బిగించేటప్పుడు చెయ్యి మాత్రం ఇంకా బయట నిలబడి ఆయనకి అందిస్తూనే ఉంది.

"పోనీలే, కొత్తవాళ్ళెవరైనా చేసే పొరపాటే" అన్నాడు మేస్త్రీ జాలిగా.

ఆవిడ తల ఊపింది. "మార్చెయ్యన్నయ్యా."

పళ్ళు పోయిన చక్రాన్ని అతను తుక్కు డబ్బాలో పడేశాడు. బండి కిందికి దూరి, అలవాటుగా చెయ్యి బయటికి చాపాడు.

"పద్నాలుగో నంబరు స్పానరు ఇలా అందించు చెల్లెమ్మా."

స్పానరు ఆవిడ కాలి పక్కనే ఉంది. ఆవిడ కదల్లేదు. కాసేపు చూసి, అతనే బయటికొచ్చి తీసుకున్నాడు.