దశమినాడు చెరిపిన లాప్‌టాప్

మంచి కోరి చేసిన పని ఒకరి కొంప ముంచితే, అది తప్పు చేసినట్టా, చేయనట్టా? ఇంత వయసు వచ్చినా తేలని ప్రశ్న ఇది. పర్చూరు దగ్గర పల్లెలో నాంచారమ్మకు కూడా తేలలేదు. అంతా ఆవిడ కళ్ళముందే, ఆవిడ ఇంటి వసారాలోనే జరిగింది.

నాంచారమ్మ కోడలు జ్యోతిర్మయి పొన్నూరు పిల్ల. ఇంజనీరింగు చదివింది. హైదరాబాదులో ఉద్యోగం చేతికొచ్చిన రోజుల్లోనే ఈ సంబంధం కుదిరింది. మొగుడు గోపాలకృష్ణ చెడ్డవాడు కాదు; పత్తి, మిరప తప్ప మరో లోకం ఎరగడు, అంతే. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఇరుగుపొరుగు మాత్రం ఎత్తకుండా ఉండరు. కూలీలకు అన్నం పంపడం దగ్గర్నుంచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మిరప కళ్ళంలో రంగు పోయిన తాలుకాయలు ఏరడం దాకా జ్యోతిర్మయి అన్నీ నేర్చుకుంది. నేర్చుకుని కూడా దేనిలోనూ లేనట్టే ఉండేది.

రెండేళ్ళ కిందట గుంటూరులో ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి కొనుక్కుని, ఫోనులో పాఠాలు వింటూ లైనక్సు నేర్చుకోవడం మొదలుపెట్టింది. కంపెనీల పెద్ద కంప్యూటర్లు చాలావరకు దాని మీదే నడుస్తాయట, వాటిని ఇంట్లో కూర్చునే కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాలు ఉంటాయట. నాంచారమ్మకు అర్థమైంది ఏమిటంటే, ఇంట్లో కూర్చుని ఎక్కడో చేలో ఉన్న మోటారు ఆగకుండా చూసుకోవడం లాంటి పని అని. అది అర్థం కాకపోయినా ఆవిడకు నష్టం లేదు. ఆ నల్లటి తెర ముందు కూర్చున్నప్పుడు కోడలు తనలో తాను నవ్వుకోవడం చూసింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వు అంతకు ముందు పెద్దగా వినబడింది లేదు. అప్పటినుంచి మధ్యాహ్నం పూట ఎవరొచ్చినా, "అమ్మాయి చదువుకుంటంది, మెల్లిగా మాట్లాడండి" అని గడపలోనే ఆపేది.

దసరా ముందు ఒక కంపెనీవాళ్ళు పరీక్ష పెడతామన్నారు. పండగ మర్నాడు పదకొండింటికి. ఎవరి లాప్‌టాప్ వాళ్ళదే ఉండాలి, అందులో బొమ్మలూ కిటికీలూ ఏమీ లేని బోడి లైనక్సు ఉండాలి, అక్కణ్ణుంచి వాళ్ళు చూస్తుండగా చెప్పిన పనులు చెయ్యాలి. చదువయ్యాక ఇన్నేళ్ళు ఇంట్లో ఉండిపోయినవాళ్ళను తీసుకోవడం ఈ ఒక్కసారికేనని కూడా రాశారు. ఆ మాట జ్యోతిర్మయి అత్తకు రెండుసార్లు చదివి వినిపించింది.

వారం ముందే పాతదంతా చెరిపేసి కొత్తది ఎక్కించుకుందామని ఆమె అనుకుంది. నాంచారమ్మే వద్దంది.

"దశమినాడు ఎక్కించు అమ్మాయ్. ఆ రోజు మొదలెట్టిన పనికి వర్జ్యం కూడా చూడక్కర్లా."

జ్యోతిర్మయి కాసేపు తటపటాయించి సరేనంది. అత్త మాట తీసెయ్యలేక కొంత, ముహూర్తం చూడకుండా చేసినవేవీ తనకు కలిసిరాలేదన్న బెంగ కొంత.

నవమినాడు ఆయుధపూజలో కొడవళ్ళూ, మందు కొట్టే పంపూ, ట్రాక్టరూ, వాటి పక్కన పీట మీద లాప్‌టాప్. నాంచారమ్మే దాన్ని తడిగుడ్డతో తుడిచింది, అంచులన్నీ వదలకుండా. గంధం పూసి కుంకుమబొట్లు పెట్టింది. మర్నాడు, దశమి పూట, జ్యోతిర్మయి తలంటుకుని కూర్చుని పాతదంతా చెరిపేసింది.

కొత్తది చక్కగానే ఎక్కింది. నెట్ మాత్రం రాలేదు. గాలిలో నెట్‌ను అందుకునే కార్డు ఒకటి లోపల ఉంటుంది. దాన్ని నడిపించే చిన్న ఫైలు ఈ బోడి లైనక్సులో లేదు. ఆ ఫైలు నెట్‌లో ఉంది. నెట్ రావాలంటే ఫైలు కావాలి, ఫైలు కావాలంటే నెట్ రావాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టన్నమాట అంది నాంచారమ్మ. జ్యోతిర్మయి తల ఊపింది.

పరీక్షనాడు పొద్దున్నే కబురు పెడితే కేబుల్ రసూల్ వచ్చాడు. వాళ్ళింట్లో నెట్ బాక్సు బిగించింది అతనే. వైరు తెచ్చి పెడదామంటే లాప్‌టాప్‌లో అది దూర్చే కన్నం పాత ఓనరు చేతిలోనే విరిగిపోయి ఉంది. ఫోనుకు తగిలిద్దామంటే ఇంట్లో ఉన్న తీగ చార్జింగుకు తప్ప మరి దేనికీ పనికిరాదు, షాపులన్నీ పండగ మూత. చివరికి రసూల్ తన బండి డిక్కీ అంతా బోర్లించి, ఫోనుకు పెన్‌డ్రైవ్ తగిలించే చిన్న ముక్క వెతికి పట్టుకున్నాడు. ఫైలు ఫోనులోకి దించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అందులోంచి లాప్‌టాప్‌లో పెట్టేసరికి పది దాటింది. ఆపి మళ్ళీ వెయ్యగానే కార్డు పేరు తెర మీద పడింది. జ్యోతిర్మయి ఊపిరి వదిలింది.

పేరైతే పడింది గానీ, ఆ కార్డుకు గోడమీది బాక్సు కనబడలేదు. కార్డుకు ఎక్కడో అడ్డం పడిందని తెర చెప్పింది. ఆ అడ్డం తియ్యమని జ్యోతిర్మయి ఆజ్ఞ ఇచ్చింది. అది కిక్కురుమనకుండా తీసుకుంది. ఏమీ మారలేదు.

"ఏమంటదిరా అది?" అంది నాంచారమ్మ.

"మాట వింటంది పిన్నీ, పని మాత్రం చెయ్యట్లా. మా ఆఫీసులో మేనేజరు బాపతు," అన్నాడు రసూల్. ఎవరూ నవ్వకపోయేసరికి తనే తల గోక్కుని, "బాక్సులో నెట్ బ్రహ్మాండంగా ఉంది చెల్లెమ్మా. ఇంతకు మించి నాకు తెలవదు," అన్నాడు.

జ్యోతిర్మయి అదే ఆజ్ఞను మళ్ళీ మళ్ళీ కొట్టింది. కంపెనీ నంబరుకు ఫోను చేస్తే రికార్డు గొంతు పలికింది. మెయిలు పెడితే మీ మెయిలు అందిందని జవాబు వచ్చింది, అంతే. నాంచారమ్మ మజ్జిగ తెచ్చింది, తాగమనలేక పక్కన పెట్టింది.

"నేనేమన్నా చెయ్యనా అమ్మాయ్?"

"కూర్చోండత్తయ్యా."

ఆవిడ కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఆవిడకు అలవాటు లేదు. తెగులొచ్చి మిరప తోట తోటంతా ముడుచుకుపోయిన ఏడు కూడా, తిట్టడానికి ఆకాశం ఉండేది, మందు అమ్మినవాడు ఉండేవాడు. ఇక్కడ ఎవరిని తిట్టాలో తెలియదు. పదకొండు అయింది. రసూల్‌కు ఎక్కడినుంచో పిలుపొస్తే లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచివెళ్ళాడు.

మధ్యాహ్నం ఎండ వసారాలోకి వచ్చాక, జ్యోతిర్మయి లాప్‌టాప్‌ను మూసి, చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసింది. ముందువైపు అంచులో, నెట్ కార్డును ఆపడానికీ వెయ్యడానికీ గోరంత మీట ఒకటి ఉంది. గాజుకున్న పిన్నీసు తీసి దాని గాడిలో గీకింది. పసుపుపచ్చని పెళ్ళలు రాలాయి. మీట జరిగింది. తెరవగానే నీలం దీపం వెలిగింది, గోడమీది బాక్సు పేరు తెర మీదికి వచ్చింది. నెట్ వచ్చింది. పరీక్ష పేజీ తెరిస్తే గడువు ముగిసిందని ఉంది.

"ఏంటమ్మాయ్ రాలింది?"

"దుమ్మత్తయ్యా," అంది జ్యోతిర్మయి, ఆ పెళ్ళల్ని కొంగుతో తుడిచేస్తూ. "ఈ ఊళ్ళో దుమ్ముకేం తక్కువ."

నాంచారమ్మ ముక్కుకు గంధం వాసన తగిలింది. నవమినాడు తడిగుడ్డ అంచు వెంట గట్టిగా లాగినప్పుడు వేలి కింద ఏదో టిక్కుమనడం గుర్తొచ్చింది. మురికి ఊడిందనుకుంది అప్పుడు. దాని మీదే గంధం పూసింది. చెబుదామని నోరు తెరిచింది. తాగకుండా ఉన్న మజ్జిగ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం గోపాలకృష్ణ పత్తి చేలోంచి వచ్చి, సంగతి విని, పోతే పోయిందిలే, ఇంకోటి రాకపోదన్నాడు. జ్యోతిర్మయి వడ్డించింది. గుంటూరు వెళ్ళి హాస్టల్లో ఉండి ఏదైనా చూసుకుంటానంది. పత్తి తీత అయ్యేదాకా ఆగమన్నాడు. ఆమె కూర గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళి సంచీ సర్దుకుంది.

మర్నాడు నాంచారమ్మ పొద్దున్నే లేచి పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది. ఊరికి వెళ్ళేవాళ్ళు పెద్దవాళ్ళ దగ్గరికొచ్చి వెళ్ళొస్తానంటారు కదా, అప్పుడు చెయ్యి పట్టుకుని చెబుదామనుకుంది. అది దుమ్ము కాదని తనకు తెలుసుననీ, ఇంకా ఏవేవో. డబ్బా పట్టుకుని వసారాలో నిలబడింది.

జ్యోతిర్మయి సంచీ భుజానికి తగిలించుకుని వచ్చింది. వంగి చెప్పులు తొడుక్కుంది. అత్త పక్కనుంచే మెట్లు దిగింది. గేటు తీసుకుని, మళ్ళీ చప్పుడు కాకుండా వేసి, రోడ్డు మీద ఆగి ఉన్న ఆటో ఎక్కింది.