హంతకుడు ముందే దొరికిపోయిన మ్యాట్నీ

ఇప్పుడు సినిమా గాల్లోంచి వచ్చి తెరమీద వాలుతోందట. మా కాలంలో అది సైకిలు మీద వచ్చేది. పద్నాలుగు రేకు డబ్బాలు, ఒక్కో డబ్బాలో పది నిమిషాల కథ. సైకిలు టైరులో గాలి తగ్గిందంటే హీరోకి జ్వరం వచ్చినట్టు హాలంతా కంగారుపడేది. డెబ్భైల చివర్లో మల్కాపురంలో ఒక సినిమా హాల్లో (ఇప్పుడది లేదు, ఉన్నా పేరు చెప్పను) నేను అసిస్టెంటు ఆపరేటర్ని. ఇరవై ఒక్క ఏళ్ళు. హెడ్డు ఆపరేటరు మా అక్క మొగుడు, అంటే మా బావ. ఆ హాల్లో ఒక ఆదివారం మ్యాట్నీలో జరిగిన గందరగోళం గురించి మా వైపు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. తప్పంతా సైకిలు మావయ్యదని చెప్పుకుంటున్నారు. ఆ మాట దిద్దడానికే ఇది రాస్తున్నాను.

సైకిలు మావయ్య నాకు వరసకి మావయ్య కాడు, అందరూ అలా పిలిచేవారంతే. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టాడు గానీ తెప్ప ఎక్కితే వాంతులు. ("సముద్రం నన్ను ఒద్దనీసిందిరా అల్లుడా, నానేటి సేత్తాను" అనేవాడు, పెళ్ళిచూపుల్లో కాదనిపించుకున్న కుర్రాడిలా.) అందుకని సినిమా డబ్బాలు మోసే పనిలో చేరాడు. పట్నంలో ఒక హాలుకీ మాకూ కలిపి ఒకే ప్రింటు. అక్కడ ఉదయం ఆట అయ్యాక డబ్బాలన్నీ సైకిలుకి కట్టుకుని మాకు తెచ్చేవాడు, మా మ్యాట్నీ అవగానే మళ్ళీ అక్కడికి పట్టుకెళ్ళేవాడు. డబ్బాల మీద పెయింటుతో నంబర్లుండేవి గానీ, ఎన్నో సినిమాలు మోసిన డబ్బాలు కావడంతో నంబరు మీద నంబరు పడి, అది అయిదో ఎనిమిదో తేలేది కాదు. మావయ్యకి ఎలాగూ చదువు రాదు. అందుకని ప్రతి డబ్బా మూతకున్న కొక్కేనికీ వల అల్లే దారం ఒకటి కట్టి, దానికి ముడులు వేసేవాడు. పదికి ఒక లావు ముడి, ఒకటికి ఒక సన్న ముడి. పదమూడో రీలంటే ఒక లావు, మూడు సన్నాలు. రెండు హాళ్ళ ఆపరేటర్లమూ నంబర్లు చూడడం మానేసి ముడులు తడుముకునేవాళ్ళం. ఆరేళ్ళలో ఒక్క రీలు తప్పలేదు.

ఆ వారం వచ్చింది మనస్తత్వం మీద అల్లిన హత్యల సినిమా. కొండ మీద బంగళా, అందులో ఒక డాక్టరు, అడుగుల చప్పుడు వినిపిస్తోందని వణికిపోయే అతని భార్య, ఒక వంటావిడ, ఒక తోటమాలి. మొదటి సగంలో ఒక లాయరు చస్తాడు. ఎవరు చంపారో చివరిదాకా తెలియదు. "హంతకుడెవరో బయట చెప్పకండి" అని గోడల నిండా పోస్టర్లు. మా మేనేజరు (చేతిలో ఎప్పుడూ టార్చిలైటు ఉండడం వల్ల మాకు ఆయన టార్చీగారు) మరో అడుగు ముందుకేసి, ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపేది లేదని బోర్డు పెట్టాడు. దాంతో పోర్టువాళ్ళూ రిఫైనరీవాళ్ళూ, డ్యూటీ దిగి స్నానం కూడా చెయ్యకుండా వచ్చి కూర్చున్నారు.

సరిగ్గా ఆ రోజే మా బావ పని మీద వాళ్ళూరు వెళ్ళాడు. "ఒక్కడివే నడపాల. మిషను ఎక్కించే ముందు ఫిల్ము మొదట్లో నెంబరు సూసుకో. ఇన్నావా?" అన్నాడు. "నాకు తెల్దేటి బావ?" అన్నాను. నాకు తెలిసినదల్లా ఆ రోజు నేను హెడ్డు ఆపరేటర్నని. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ప్రొజెక్టర్లు రెండూ ఉండే మా బూతులో కిటికీ తలుపు సముద్రపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. హెడ్డు ఆపరేటరు అలాంటివి సహించడు కదా. చేతికందిన రెండు డబ్బాల దారాలు విప్పి, కలిపి, తలుపు బిగించి కట్టేశాను. అయిదు నిమిషాల్లో టార్చీగారు వచ్చి, "కిటికీ మూసి ఉడికిపోతావా? తియ్యి!" అని వెళ్ళిపోయాడు. విప్పాను. చేతిలో రెండు దారాలు, ఎదురుగా కవల పిల్లల్లాంటి రెండు డబ్బాలు. ఏది దేనిదో గుర్తుందనే అనుకున్నాను. (నా జ్ఞాపకశక్తి మీద నాకున్న నమ్మకం నన్ను తర్వాత కూడా చాలాసార్లు ముంచింది.) ఎనిమిది ముడుల దారం పదమూడో డబ్బాకీ, పదమూడోది ఎనిమిదో డబ్బాకీ కట్టాను. ఫిల్ము నెంబరు చూడమన్న బావ మాట ఆ ఇస్త్రీ చొక్కా మీద నిలవలేదు.

ఇంటర్వెల్ అయింది. దీపాలు ఆరాయి. అడుగుల చప్పుడు రావలసిన చోట, తెరమీద ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. డాక్టరు గట్టిగా నవ్వి, "అవును! లాయర్నీ, తోటమాలినీ, వంటమనిషినీ, ముగ్గుర్నీ నేనే చంపాను!" అన్నాడు. చేతులకి బేడీలు పడ్డాయి. అప్పటికి కథలో తోటమాలి మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు, వంటావిడ నిక్షేపంలా ఉంది. ఆపుదామా అంటే హాల్లో కుర్చీలు లేస్తాయి, రెండో మిషనుకి తొమ్మిదో రీలు ఎక్కించేసి ఉంది. అదే వదిలాను. బేడీలు పడ్డ డాక్టరు హాయిగా భార్యకి మందు కలుపుతూ కనిపించాడు.

బెంచీల్లోంచి ఒకావిడ లేచి, "ఓలమ్మ, తాగకే! ఆడే సంపీది!" అని అరిచింది. అంతే, హాలంతా అందుకుంది. తోటమాలి కనబడితే "పారిపోరా బాబూ!", వంటావిడ కనబడితే "ఈవిడ కూడా పోద్ది, పాపం!" ఎవరు హంతకుడా అని ఆలోచించే పని తప్పేసరికి జనం మనస్ఫూర్తిగా భయపడడం మొదలెట్టారు. బూతు కింద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఓరి బావ, బేడీలేసినోడు మళ్ళీ ఇంట్లో ఉన్నాడేట్రా?"

"అది సైకలాజీ బావ. నీకు తెల్దు, ఊరుకో."

"సైకలాజీ అంటే ఏటి?"

"ముందు పట్టుకుంటారు, తరవాత సంపుతాడు."

పదమూడో చోటు వచ్చేసరికి నాకో దారి ఉంది, ఆ రీలు వదిలేయడం. కానీ ఆట పది నిమిషాలు తగ్గితే టార్చీగారు గడియారం చూసి పైకి వస్తాడు. వేశాను. పోలీసు జీపు బంగళా ముందు ఆగగానే, లోపల డాక్టరు భార్య తల నిమురుతూ, "ఎవరూ లేరు, అంతా నీ భ్రమ" అంటున్నాడు. అప్పటికి రెండు రీళ్ళ కిందట చచ్చిన వంటావిడ పాల గ్లాసుతో నడుచుకుంటూ వచ్చింది. హాల్లో లేచిన కేక రోడ్డు మీద బస్సుని ఆపిందంటారు. (అది కొంచెం ఎక్కువ చెప్పడమే. కండక్టరు తొంగిచూసిన మాట మాత్రం నిజం.) చివరికి హీరోయిను బీచిలో ఒంటరిగా నవ్వింది. శుభం. జనం చొక్కాలు తడిసిపోయి, "అబ్బ, ఏం సినిమా!" అంటూ బయటికొచ్చారు.

టార్చీగారికి మాత్రం కథ తెలుసు. గేటు దగ్గర జనం మాటలు విని నేరుగా పైకి వచ్చాడు. డబ్బాలు తీసుకెళ్ళడానికి మావయ్య అప్పటికే బూతు గుమ్మంలో ఉన్నాడు. "ముడులు తప్పు కట్టి చచ్చావు!" అన్నాడు టార్చీగారు. మావయ్య ఒక్కొక్క డబ్బా తడిమాడు. రెండు డబ్బాల కొక్కేల దగ్గర వేళ్ళు ఆగాయి. "ఇది నాను కట్టింది కాదు బాబూ" అన్నాడు.

"మరి ఎవడు కట్టాడు?"

మావయ్య నావైపు చూశాడు. నేను మిషను తుడుస్తున్నాను. అంత శ్రద్ధగా ఆ మిషన్ని ముందూ తుడవలేదు, తర్వాతా తుడవలేదు. నేనని తెలిస్తే నా ఉద్యోగమే కాదు, నాకోసం పూచీపడ్డ బావ ఉద్యోగం కూడా పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. మావయ్య డబ్బాలు కిందికి దించడం మొదలెట్టాడు. రేపట్నించి రావద్దన్నాడు టార్చీగారు.

మర్నాడు డబ్బాలు రిక్షాలో వచ్చాయి. నేను ప్రతి ఫిల్ము నెంబరూ రెండేసిసార్లు చూసి, సినిమా సవ్యంగా వేశాను. హాలు నిండిపోయింది, పట్నంనించి కూడా వచ్చారు. ఆట అయ్యాక గొడవ మొదలైంది. "సచ్చినావిడ పాలట్టుకు రాలేదేటి?" అని ఒకడు. "నిన్న మా తోడికోడలు సూసిన సినిమా ఎయ్యండి!" అని ఒకావిడ. టార్చీగారు బుర్ర గోక్కుంటూ వచ్చి, "నిన్న ఏ రీలు ఎక్కడ పడిందిరా?" అని అడిగాడు. చెబితే దొరికిపోతాను. "గమనించలేదండి" అన్నాను. ఇక దిక్కు మావయ్యే అని, నన్ను వెంటబెట్టుకుని ఫిషింగు హార్బరు పక్క పేటకి బయల్దేరాడు.

మావయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "తప్పయిందని ఒక్క మాట అను, నిన్న కట్టినట్టే మళ్ళీ కట్టు. నీ పని నీకే" అన్నాడు టార్చీగారు. లోకంలో తప్పు మళ్ళీ చెయ్యమని బతిమాలిన మేనేజరు ఆయనొక్కడే అయి ఉంటాడు.

"నాను కట్టనిది నాను కట్టానని సెప్పను బాబూ. నాకు సదువు నేదు, ఈత నేదు. ముడొక్కటే ఉంది. అదీ ఒగ్గీమంటే ఎలాగ?"

మళ్ళీ నావైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

సినిమా వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి నేనూ బూతు వదిలి స్టీలు ప్లాంటులో చేరి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టాను. ఎనభైల చివర్లో ఒక రోజు క్యాంటీనులో ఒకతను ఈ కథే చెబుతూ, "ఆ సైకిలోడు తాగీసి రీళ్ళు కలిపీసినాడు" అన్నాడు. అందరూ నవ్వారు. చుక్క ముట్టని మనిషి ఆయన. టీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను. ఆ ఆదివారమే బస్సెక్కి పేటకి వెళ్ళాను.

మావయ్య వల బాగుచేస్తున్నాడు. చెప్పాను. కిటికీ తలుపు దగ్గర్నించి మొత్తం చెప్పాను. ఆయన దారం పళ్ళతో తెంపి, "తెలుసురా అల్లుడా. వలోడి ముడి అలగుండదు. పంచె బిగించినట్టు కట్టీసినావు" అన్నాడు.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నీ మొకం సూస్తే ఏడిసీలా ఉన్నావు. నువ్వే సెప్తావులే అనుకున్నాను." నవ్వాడు. "సెప్పినావు కదా. లేటయింది, అంతే."

తర్వాత ఏం చేశావని అడిగాను. ఐసు మోశాట్ట. "సైకిలు కన్నా సల్లగుండీది" అన్నాడు. లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ ఆ సినిమాలో సంపింది ఎవుడ్రా?"

నాకప్పుడు తట్టింది. ఆరేళ్ళు సినిమాలు మోసిన మనిషి, ఆట జరిగినంతసేపూ చక్రం బాగుచేసుకుంటూనో, చెట్టు నీడన కునుకు తీస్తూనో బయటే ఉండేవాడు. తను పని పోగొట్టుకున్న సినిమా కూడా చూడలేదు.

"డాక్టరు మావయ్యా."

"డాక్టరా!" అని నా చెయ్యి వదిలేశాడు. "వైద్యం సేసీవోడే! ఎంత మోసం!" అని, ఆ ముగ్గురి కోసం కాస్త బాధపడ్డాడు. గుమ్మం దిగుతుంటే వెనకనించి, "ఒరే, సదువుకున్నోడివి. ఎక్కడైనా రాయి. ఆ ముడి నాది కాదని రాయి. సాలు" అన్నాడు.

రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇంట్లో ఏ మూట కట్టవలసి వచ్చినా మా ఆవిడ నా చేతికివ్వదు, నేను కట్టినది తనంతట తనే ఊడిపోతుందని. ఊడుతుంది నిజమే. కాకపోతే కొన్ని ఊడడానికి నా తల నెరిసేదాకా పట్టింది. ఆ రెండు ముడులూ నావి.