చిక్కుడు పాదున్న గది

మొన్న మా చెల్లెలి కూతురు నన్ను అరకు రోడ్డు మీద కొత్తగా వెలిసిన కాఫీ హోటలుకి తీసుకెళ్ళింది. మేం కూర్చున్న బల్ల పక్కన గోడంతా పచ్చటి తీగ. ఒక్క పండుటాకైనా లేని ఆ పచ్చదనం చూస్తేనే నాకు అనుమానం వచ్చింది. చెయ్యి వేస్తే ప్లాస్టిక్కు. ఆకుల సందుల్లో దుమ్ము జిడ్డుగా పేరుకుపోయింది. ఎవరో వేళ్ళు తుడుచుకున్నారేమో, ఒక ఆకుకి టమాటా సాసు ఎండి అంటుకుని ఉంది. కిటికీ అవతల కొండ నిండా చెట్లుండగా లోపల ఈ చచ్చిన పచ్చదనం దేనికో! రుమాలుతో తుడుచుకున్నాను, చాలక వెళ్ళి సబ్బుతో కడుక్కుని వచ్చాను. "పెద్దమ్మా, నీకు లోకమంతా అసయ్యమే" అని నవ్వింది మా పిల్ల. కాదనను. రిటైరయ్యేదాకా ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా ఉన్నదాన్ని. బాత్‌రూము తలుపు తీసి ముక్కు మూసుకోవడంతో నా రోజు మొదలయ్యేది, వంటిల్లు, నీళ్ళు, జ్వరాలు అని వరసగా డైరీ రాసుకోవడంతో ముగిసేది. అసహ్యపడడం నా ఉద్యోగంలో భాగం. అయితే ఆ తీగ పక్కన కాఫీ చల్లారుతుంటే నా ముక్కుకి తగిలింది ఈ హోటలు వాసన కాదు, మా హాస్టల్లో ఓ మూలగది వాసన.

డిగ్రీ కాలేజీ వెనక సిల్వర్ ఓక్ చెట్ల కింద ఉండేది మా హాస్టలు. మూలగది అన్నిటికంటే చిన్నది. రెండు మంచాలు వేశాక మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడవాల్సిందే. ఒక మంచం మైదానం నుంచి వచ్చి ఏజెన్సీలో కొట్టు పెట్టుకున్న వ్యాపారి కూతురిది, రెండోది కొండ మీద ఊరి నుంచి వచ్చిన పిల్లది. ఒక ఉదయం మా వంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మగారూ, మూలగదిలో ఎలకేటో సచ్చినట్టుంది. బేగి రండి, నానైతే ఎల్లనేను." వెళ్ళాను. తలుపు తియ్యగానే పుల్లటి కుళ్ళు కంపు కళ్ళల్లోకి కూడా వచ్చింది. వ్యాపారి కూతురు ఏ కంగారూ లేకుండా, "ఎలక కాదు మేడం, ఆర్గానిక్" అంది.

"ఆర్గానిక్కో మరొకటో, చచ్చిందా, బతికుందా?"

"అరటి తొక్కల నీళ్ళు మేడం. మొక్కలకి బలం. ఫోన్లో చూపించారు."

మంచం కింద నుంచి బకెట్టు లాగి మూత తీసింది. నల్లబడ్డ తొక్కల మీద తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆ పూట నేను ఇడ్లీ తినలేదు. కిటికీ గట్టు మీద కూల్‌డ్రింకు సీసాల్లో మనీ ప్లాంటు తీగలు. నీళ్ళు ఎన్నాళ్ళైందో మార్చి, వేళ్ళ చుట్టూ ఆకుపచ్చటి పాకుడు, అందులో దోమపిల్లల ఈత. అల్మరా మీద ఏదో మందపాటి ఆకుల మొక్క, దాని మొదట్లో కోడిగుడ్డు పెంకులు, వాడేసిన టీపొడి, వాటి మీద బూజు. ఇదంతా గదిలో గాలి శుభ్రం కావడానికట! ఆ మాట అంటున్నప్పుడు పాపం ఆ పిల్ల తుమ్ముతూనే ఉంది.

రెండో మంచం వైపు పెయింటు డబ్బాలో చిక్కుడు పాదు. కిటికీ ఊచల నిండా అల్లుకుని, అక్కడ చాలక దోమతెర తాడు మీదికి పాకింది. లేత చిగుళ్ళ నిండా నల్లటి పేనుబంక. దాని జిగురు కారి దిండు గలీబు మీద మరకలు కట్టింది, పిల్ల దానిమీదే తల పెట్టుకుని పడుకుంటోంది! డబ్బాలోంచి చేపల నీచు. మా వంటావిడ చేపలు కడిగిన నీళ్ళు ఈ పిల్లకి చెంబుతో ఇస్తోందని అప్పుడు తెలిసింది. ఎలక చచ్చిందని నా దగ్గరికి వచ్చిందీ ఆవిడే.

"ఆదివారానికి ఈ గదిలో ఒక్క ఆకు కనబడకూడదు" అన్నాను. వ్యాపారి కూతురు మూతి ముడుచుకుని సీసాలు ఏరడం మొదలుపెట్టింది. కొండపిల్ల మాత్రం డబ్బాని రెండు చేతులా పట్టుకుంది. "ఇది తియ్యకండి మేడం. ఇది తీసీత్తే నాను పరీచ్చలకి ఉండను. ఇంటికెల్పోవాల."

కొండ ఊళ్ళలో ఏ పంటా కాయగానే నోట్లో వేసుకోరు. ముందు దేవతకి పెట్టి, 'కొత్త' చేసుకుని, అప్పుడే తింటారు. మామిడికి కొత్త ఉంది, చిక్కుడుకీ ఉంది. చిక్కుడు కొత్త సరిగ్గా పరీక్షల్లో పడింది. ఆ పిల్ల తాత ఊరి పూజారి. వాళ్ళింట్లో కొత్త తినేది అందరూ ఒకే రోజు. ఒక్కరు తినకపోయినా మిగిలినవాళ్ళు చిక్కుడు ముట్టరు. రమ్మంటే పరీక్ష పోతుంది, ఏడాది పోతుంది. ఆలోచించి ఆలోచించి తాతే గింజలిచ్చి పంపాడు. అక్కడ నువ్వు కాయించిన కాయ నువ్వు పెట్టుకుని తిను, ఇక్కడ మేం తింటాం అని. నేను మిషన్ చర్చికి వెళ్ళే ఇంట్లో పెరిగినదాన్ని, ఈ కొత్తల గురించి వినడమే తప్ప చూసింది లేదు. కానీ మా నాన్న ప్రార్థన ముగించేదాకా ఎంత ఆకలేసినా కంచంలో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఆ సంగతి గుర్తొచ్చి మెత్తబడ్డాను. చేపనీళ్ళు బంద్, రోజూ పొద్దున్నే సబ్బునీళ్ళతో ఆకులు తుడవాలి, గలీబు ఉతకాలి అని షరతులు పెట్టి బయటపడ్డాను. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకునే నడిచాను.

ఊదారంగు పువ్వులు వచ్చాయి, కాయలు దిగాయి. అదే వారం కాలేజీ చూడడానికి పైనుంచి ఒక కమిటీ వచ్చింది. మా ప్రిన్సిపాల్‌గారు ముందురోజే ప్లాస్టిక్ తీగలు తెప్పించి వరండా స్తంభాలకి ఇనప తీగతో కట్టించారు. ఆ కమిటీ పెద్దమనిషి వాటిని చూసి తలాడించి, మూలగది దగ్గర ఆగిపోయాడు. "అరె, రూములో బీన్సా!" అన్నాడు. "మా గ్రీన్ హాస్టల్ కార్యక్రమం సార్" అన్నారు ప్రిన్సిపాల్‌గారు, అప్పటిదాకా ఆ పాదుని కన్నెత్తి చూడని మనిషి. పెద్దమనిషి లోపలికొచ్చి ఓ కాయ తెంపి పచ్చిదే కరకరా నమిలాడు.

"సార్, అవి ఆ అమ్మాయివి. ఇంకా కొత్త పెట్టలేదు" అన్నాను.

"పర్లేదు మేడం, తనేమీ అనుకోదు. ఏమ్మా?" అంటూ ప్రిన్సిపాల్‌గారు మిగిలినవన్నీ తనే తెంపి, సార్‌వాళ్ళ ఇంటికని కవర్లో వేశారు. ఆ పిల్ల వంగి మంచం కింద నుంచి తన సంచీ లాగింది. పెద్దమనిషి నమిలిన పీచుని నాలుకతో ముందుకి తోసి, తుపుక్కున పాదు మొదట్లోకి ఉమ్మాడు. జీవితంలో పురుగుల బకెట్లు చాలా చూశాను. నాకు నిజంగా అసహ్యం వేసింది మాత్రం అప్పుడే.

వాళ్ళు వెళ్ళేసరికి పిల్ల బట్టలు సర్దేసింది. మర్నాడే మొదటి పరీక్ష. ముందు ఇంటికి ఫోన్ చెయ్యమన్నాను. వాళ్ళ ఊళ్ళో సిగ్నలు కోసం గుట్టెక్కాలి, తాతని ఎక్కించేసరికి చాలాసేపు పట్టింది. జరిగింది ఏడుస్తూ చెబుతూనే నాకు వినబడేట్టు స్పీకరు పెట్టింది.

"పాదు పీకీసినారేటే?"

"నేదు తాతా, కాయలే..."

"పాదుంది కదా. పువ్వుందా?"

"ఉంది."

"మరెందుకే గుంటా ఏడుపు? ఇంకోటి కాత్తాది. అందాకా మేవూ తినం. నువ్ పరీచ్చ రాసుకో."

"ఊరంతా తినీత్తారు కదా తాతా!"

"తిననీ. ఆళ్ళిల్లు ఆళ్ళది."

ఉమ్మిన చోట మట్టి నేనే గరిటెతో తవ్వి బయట పారేశాను. తర్వాత గరిటెని నీళ్ళలో వేసి మరిగించాను.

పిల్ల పరీక్షలన్నీ రాసింది. ఆఖరి పేపరు నాటికి ఒక్క కాయ తయారైంది. వంకరది, పేనుబంక పట్టి మచ్చలు పడ్డది. మా వంటావిడ గిన్నె ఇచ్చింది. పిల్ల దాన్ని ఉడికించి, ఆకులో పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, ఇంటికి ఫోన్ చేసింది. అక్కడ వాళ్ళ పాదు కాయలన్నీ ఈలోపు ముదిరి గింజలైపోయాయట. పళ్ళు లేని తాత గింజ చప్పరిస్తూ, "బాగున్నాదే" అనడం వినబడింది. తను తిన్నాక పిల్ల మిగిలిన ముక్క నా చేతిలో పెట్టింది. పక్కన వ్యాపారి కూతురు, "మేడం, దానిమీద మచ్చలున్నాయి" అని గుర్తుచేసింది. చూశాను. తిన్నాను.

"కాఫీ చల్లారిపోయింది పెద్దమ్మా" అంది మా చెల్లెలి కూతురు. గోడ మీది తీగ అలాగే ఉంది, వచ్చే ఏడాదీ అలాగే ఉంటుంది, దుమ్ము మాత్రం పెరుగుతుంది. రోజు తప్పకుండా డైరీ రాసిన మనిషినే అయినా, కాలం అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఒక వంకర కాయ ముదరడానికి పట్టినంత, అది ముదిరేదాకా ఓ పళ్ళులేని ముసలాయన చిక్కుడు ముట్టకుండా కూర్చున్నంత.