కట్టు విప్పేదాకా

1938 ఎండాకాలం. కర్నూలులో ఒక ఆసుపత్రి కంటి వార్డులో నేను నర్సుగా చేరి కొన్నేళ్లయింది. పనంటే విసుగు పుట్టిన రోజులవి. అవే పక్కలు దులపడం, అవే చుక్కలు వేయడం, అదే గాజుగుడ్డ మడవడం. చేతులు పని చేసుకుపోయేవి, మనసు మాత్రం వార్డులో నిలిచేది కాదు. కడపకో మద్రాసుకో పోతే బాగుండునని కిటికీల వెంట తిరిగేదాన్ని.

అప్పట్లో క్యాటరాక్ట్, అంటే కంటి శుక్లం, తీశాక రోగిని వారం పైన వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లం. రెండు కళ్లకూ కట్టు. తల కదలకుండా అటూ ఇటూ శాండ్‌బ్యాగులు, అంటే ఇసుక నింపిన సంచులు. నమలడమూ కూడదు. గంజి పోసేవాళ్లం. తల విదిలిస్తే కోసిన చోటు విచ్చుకుని కన్ను పోయేది.

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఈరమ్మకు మిగిలింది శుక్లం తీసిన ఆ ఒక్క కన్నే. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండోది పోయింది. కొడుకు మగ్గానికి నూలు కండెలు చుట్టేది ఆమే. బుద్ధెరిగాక చేతులు ఊరికే పెట్టుకుని ఎరగదు. ఆపరేషన్ అయిన మర్నాడే కాళ్లు ఆడించడం, పక్క తడమడం మొదలుపెట్టింది.

"ఇట్ల పీనుగు మాదిరి ఎట్ల పండుకుండేది నర్సమ్మా? లేపు నన్ను."

"కదలద్దు అవ్వా, కన్ను పోతాది."

"పోతే పోనీ. పానం కొట్టుకుంటాండాది."

డాక్టరుగారు చూసి చేతులు మంచానికి కట్టేయమన్నారు. కట్టాను. ఆమె ఏడవసాగింది. ఆ కంటికి ఏడుపు ఇంకా చెడ్డది. చేతుల కట్లు విప్పేసి, పక్కనే స్టూలు వేసుకుని, గాజుగుడ్డ మడుస్తూ కాపలా కూర్చున్నాను.

"ఏం చేస్తాండావు?"

"గుడ్డ మడుస్తాండా."

"ఎట్ల? అంచు లోపలికా, బయటికా?"

చూసి చెప్పాల్సి వచ్చింది. నా వేళ్లు అంచును లోపలికి తోసి, బొటనవేలితో ఒకసారి నిమురుతాయని అప్పుడే తెలిసింది. అదే చెప్పాను.

"నిమిరితే సల్లగుంటాదా?"

నిమిరి చూశాను. చల్లగానే ఉంది.

ఇక ఆమె నన్ను వదల్లేదు. "ఆ బుసబుస ఏంది?" అనేది. అది స్టెరిలైజర్, పనిముట్లు ఉడకబెట్టే పెట్టె. మరిగే ముందు నీళ్లు సన్నగా పాడతాయనీ, మరిగాక ఆ పాట ఆగిపోతుందనీ ఇద్దరం కలిసి కనిపెట్టాం. తుడిచిన నాపరాళ్ల మీద తడి వాకిలి నుంచి ఆరుకుంటూ వస్తుంటే "నీ మంచం కాడికొచ్చింది" అని చెప్పేదాన్ని. ఆమె చేతులు పొట్ట మీద కుదురుగా ఉండేవి. నాకేమో కొత్త తొందర: ఇంకేం చెప్పాలి?

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి, రోగులు అరుస్తున్నారు. నేను వార్డు ఆ చివర ఉన్నాను. ఈరమ్మ భుజాలు పక్క మీంచి లేస్తున్నాయి. పరుగెత్తినా అందుకోలేను.

"అవ్వా! కిటికీ రెక్క పట్టుకున్నా!" అని గట్టిగా అరిచాను. "గొళ్లెం పడలేదు... శానా బిగువుగా ఉండాది... పడింది! రెండోదాని కాడికి పోతాండా!"

భుజాలు ఆగాయి. మెల్లగా పక్కకు ఆనుకున్నాయి.

"కండ్లల్లో దుమ్ము పడకుండా కొంగు అడ్డం పెట్టుకోమ్మా!" అని అక్కడినుంచే కేకేసింది. వెళ్లి చూస్తే ఆమె ఒళ్లంతా దుమ్ము. తల మాత్రం సంచుల మధ్య పెట్టింది పెట్టినట్టే ఉంది.

కట్టు విప్పిన రోజు డాక్టరుగారు వేళ్లు చూపిస్తే సరిగ్గా చెప్పింది. తర్వాత నా వైపు చాలాసేపు చూసింది.

"ఇంత సిన్నపిల్లవా నువ్వు! ఎంత పెద్దదానివో అనుకుంటి."

ఆమె వెళ్లాక నా విసుగేమీ మాయం కాలేదు. ఆ మరుసటి ఏడు కడపకు మారాను. అక్కడా అదే పని. కానీ ఈరమ్మ వల్ల ఒకటి నేర్చుకున్నాను: చెప్పాలంటే చూడాలి, చూస్తే ఎంత పాత పనిలోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. కడపలో మొదటి రోజు సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే, నురగ బుడగలో కిటికీ మొత్తం వంకరగా, రంగురంగులుగా కనిపించింది. అడిగేవాళ్లెవరూ లేరు. అది పగిలేదాకా చూస్తూ నిలబడ్డాను.