కూబిక్ నోటి పొదుపు

డెల్మర్ కూబిక్ ఎవరినీ మెచ్చుకోడు. ఇది నేను వేస్తున్న నింద కాదు. ఊళ్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు, ఆయన్నడిగినా ఇదే చెబుతాడు. 'బాగుంది' అన్న మాట ఆయన నోట విన్నవాళ్లు ఓస్టర్‌బర్గ్ మొత్తం మీద లేరు, భార్య నదీన్‌తో సహా. పెళ్లికి అడిగినప్పుడు ఆయన ఆవిడతో "నాకంటే అధ్వాన్నమైనవాడు దొరికే ప్రమాదం ఉంది, ఆలోచించుకో" అన్నాడట. ఆవిడ ఆలోచించుకునే ఒప్పుకుంది. ఇప్పటికీ ఆవిడ చేసిన ఆపిల్ పై పళ్లెం ఊడ్చి తిని "తినేశాంగా" అంటాడు. ఆవిడ దాన్ని మెప్పు కింద జమకట్టుకుంటుంది.

మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో, బంతి చేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు శిక్షణ ఇవ్వడం ఆయన ఉద్యోగం. పక్కగదిలో ఆటగాళ్లకు వ్యాసరచన నేర్పడం నాది. రెండూ ఫలితం ఆశించకుండా చేయాల్సిన పనులే. మా ఇద్దరి మధ్య ఉన్నది గోడ అని కాలేజీవారి నమ్మకం, అట్టకు సున్నం కొట్టారని నాది. ఆయనకు చెవుడు, అందుచేత ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే మోగుతుంది. ఈ జట్టు గురించి నాకు తెలియని రహస్యం లేదు. తెలుసుకోదగ్గది కూడా లేదు.

ఓ అంత్యక్రియలకు కూబిక్ వెళ్లినప్పుడు, పోయినాయనతో కలిసి పనిచేశారు కదా, నాలుగు మాటలు చెప్పమని బతిమాలారు. కూబిక్ లేచి, టోపీ తీసి, "పోయాడు. ఉన్నన్నాళ్లూ ఆలస్యంగా వచ్చేవాడు. దీనికి మాత్రం తొందరపడ్డాడు" అని కూర్చున్నాడు. ఆ రోజు మనస్ఫూర్తిగా ఏడ్చింది ఆయనొక్కడేనని నదీన్ చెప్పింది. నేను నమ్మలేదు.

క్వార్టర్‌బ్యాక్ బతుకు వేరు. జట్టులో మిగతా చోట్ల ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోవచ్చు. బంతి అందుకుని విసిరేవాడు మాత్రం ఒక్కడే. రెండోవాడు టోపీ పెట్టుకుని గీత బయట నిలబడి, మొదటివాడి మోకాలు విరగకూడదని పైకీ, విరిగితే బాగుండునని లోపలా ప్రార్థిస్తుంటాడు. టోబీ రెన్‌ఫ్రో రెండేళ్లు అలా నిలబడ్డాడు. వాళ్ల నాన్న పశువుల లారీ తోలుతాడు. స్కాలర్‌షిప్ ఉంటేనే టోబీకి చదువు, లేకపోతే ఆ లారీలో పక్క సీటు.

టోబీ విసిరిన బంతి అరమైదానం దాటి, పరిగెడుతున్నవాడి చేతుల్లో పక్షి గూటిలో వాలినట్టు వాలేది. అందరూ కూబిక్ వైపు చూసేవారు. ఆయన స్తంభం మీద కొట్టుకుంటున్న జెండా వైపు చూసేవాడు.

"గాలి సాయం."

మా నెబ్రాస్కాలో గాలికి కరువేముంది? తూర్పు నుంచి వీచినా, పడమర నుంచి వీచినా, ఎదురుగా మొహం మీద కొట్టినా, టోబీ విసిరిన ప్రతి మంచి బంతికీ కారణం గాలే. చెడ్డ బంతి మాత్రం టోబీదే.

"ఎదురుగాలి కూడా సాయమేనా కోచ్?" అని ఓసారి అడిగాడు.

"లేకపోతే ఇంకా దూరం పోయి తగలడేది."

ఈ ఏడాది వసంతంలో పెద్ద కాలేజీ నుంచి బ్రైస్ ల్యాండ్రీ అనే కుర్రాడు దిగాడు. పూర్వం కాలేజీ మారినవాడు ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలి. ఇప్పుడా అడ్డు తీసేశారు. ఈ వాకిట్లో చెప్పులు విడిచి ఆ వాకిట్లో తొడుక్కోవచ్చు. కూబిక్ అతనికి కరచాలనం చేసి, "ఎన్నాళ్లుంటావు?" అన్నాడు.

హెడ్‌కోచ్ మెరిక్ మాత్రం కుర్రాళ్లందరినీ కూర్చోబెట్టి, "మనమంతా ఒక కుటుంబం. పోటీ న్యాయంగా జరుగుతుంది. ఎవరు గెలుస్తారో నాకే తెలియదు" అన్నాడు. అప్పటికే హైవే పక్కన ల్యాండ్రీ బొమ్మతో నిలువెత్తు బోర్డు లేచింది. కుటుంబం అన్న మాట గట్టిగా వినపడిన చోట జేబు తడుముకోవడం మంచిదని నా అనుభవం.

ఆ న్యాయమైన పోటీ ఏప్రిల్ దాకా సాగింది. ల్యాండ్రీ గెలిచాడు. అప్పటికి రెండు రోజులుగా ముసురు. ఆ మధ్యాహ్నం టోబీ తడిసిన చొక్కాతో కూబిక్ గదికి వచ్చాడు. నేను వ్యాసాలు దిద్దుతున్నాను, అంటే వింటున్నాను.

"పోర్టల్‌లో పేరు ఎక్కించమంటారా కోచ్? ఈ నెలాఖరే గడువు."

పోర్టల్ అంటే కాలేజీ మారదలచిన ఆటగాళ్ల జాబితా, పెళ్లిళ్ల పేరయ్య సంచీ లాంటిది. పేరు అందులో పడితే దేశంలో ఏ కోచ్ అయినా చూసి రమ్మనవచ్చు. ఎవరూ రమ్మనకపోతే వెనక్కి రావడానికి పుట్టిల్లు ఉండదు. పేరు పడగానే ఇక్కడి స్కాలర్‌షిప్ లాగేసుకోవచ్చు.

"ఉంటే కుళ్లిపోతావు. వెళ్తే ఎవడూ తీసుకోకపోవచ్చు" అన్నాడు కూబిక్. "రెండూ దరిద్రమే."

"మీరైతే ఏం చేసేవారు?"

"నేనైతే ఈ ఆటకి ఎత్తు చాలదని వడ్రంగం నేర్చుకునేవాణ్ణి."

"ఒక్క మాట చెప్పండి కోచ్. నేను పనికొస్తానా, రానా?"

కుర్చీ కిర్రుమంది. కిటికీ తెరిచాడు కాబోలు, వాన చప్పుడు పెరిగింది. "గొడుగు తెచ్చుకున్నావా?" అన్నాడు.

టోబీ తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్లి పేరు ఎక్కించాడు. అతని స్కాలర్‌షిప్ వారం తిరక్కుండా ఇంకొకరికి వెళ్లింది. లాకరు మీది పేరు గీకేశారు, జిగురు మిగిలింది. మెరిక్ అన్ని కాలేజీలకూ ఫోన్ చేసి "బంగారంలాంటి కుర్రాడు, నా కన్నకొడుకు లాంటివాడు" అని చెప్పాడు. వెళ్లిపోయిన ప్రతివాడి గురించీ ఆయన అలాగే చెబుతాడు. అన్ని చోట్లా కొడుకులున్న మనిషి మాట ఎవరు నమ్ముతారు? టోబీ ఫోన్ మోగలేదు. నా క్లాసులో దాన్ని బల్ల మీద బోర్లా పెట్టుకుని కూర్చునేవాడు. నాకు కూబిక్ మీద ఒళ్లు మండిపోయింది. వెళ్లి అడిగేశాను కూడా.

"ఒక్క మంచిమాట అంటే మీ సొమ్మేం పోయేది?"

"ప్రొఫెసరుగారూ, మీరు వ్యాసాలు దిద్దుకోండి" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గోడవతల కూబిక్ ఫోన్ కలిపాడు. అవతల మోంటానాలో ఓ చిన్న కాలేజీ కోచ్, పీట్ సోర్లీ. ఒకప్పుడు కూబిక్ కిందే పనిచేశాడు.

"పీట్, మీ క్వార్టర్‌బ్యాక్‌కి మోకాలు పోయిందట."

"పరామర్శకి చేశావా డెల్మర్? నువ్వా?"

"కాదు. మావాడొకడు పోర్టల్‌లో ఉన్నాడు. రెన్‌ఫ్రో."

"చూశాను. ఆడిన వీడియో ఏది? గీత బయట నిలబడ్డ వీడియో చూసి ఎలా తీసుకోను? మీ మెరిక్ చెప్పాడులే, బంగారమట."

కూబిక్ గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. మొరాయించిన ట్రాక్టర్‌ని స్టార్ట్ చేస్తున్నట్టుంది.

"పీట్. ఈ కుర్రాడు... బాగుంటాడు."

నా చేతిలోంచి ఎర్రసిరా పెన్ను జారిపడింది.

"ఏమన్నావు?"

"నీకూ చెవుడేనా? బాగా విసురుతాడు. నేను చూసినవాళ్లలో... బాగా."

"డెల్మర్, ఒంట్లో బాగుందా? ఎడమచెయ్యి పైకెత్తు. నదీన్ దగ్గర్లో ఉందా?"

"చెయ్యి సుబ్బరంగా లేస్తోంది! విన్నావా, లేదా?"

"నా పెళ్లికొచ్చి 'వానొచ్చేలా ఉంది' అని వెళ్లిపోయిన మనిషివి నువ్వు!"

"వచ్చిందిగా."

పీట్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "పంపించు. వీడియో అక్కర్లేదు, స్కాలర్‌షిప్ సిద్ధం. నువ్వన్నావని వాడికి చెప్పనా?"

"చెప్పావంటే నీ మొహం చూడను. ఈ మాట ఊరంతా తెలిసి అరిగిపోయిందనుకో, రేపు ఇంకోడు వీధిన పడితే దేంతో గట్టెక్కించాలి? మెరిక్ నోరు చూశావుగా. ఆ నోటికి ఇప్పుడు ఫోనెత్తేవాడే లేడు."

ఆయన మాట పోనివ్వకుండా నోరు మూసుకుని ఉండాల్సింది. నేనంత గొప్పవాణ్ణి కాను. టోబీకి పూసగుచ్చినట్టు చెప్పేశాను. అవతలాయన చెయ్యి ఎత్తమన్న ఘట్టం అభినయించి చూపించాను.

టోబీ వెళ్లే రోజు వాళ్ల నాన్న లారీ మైదానం పక్కన ఆగింది. వెనక పశువులు లేవు, పెట్టెలూ ఓ పరుపూ ఉన్నాయి. కూబిక్ తెరిచి ఉన్న నా కిటికీ ముందే, ఖాళీ మైదానంలో బంతులు ఏరి సంచీలో వేసుకుంటున్నాడు. టోబీ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఏదో అందామనుకుని, బంతి ఒకటి ఏరి అందించి, "థాంక్స్ కోచ్. మోంటానా సంగతి" అన్నాడు.

కూబిక్ నా కిటికీ వైపు ఓ చూపు విసిరాడు. గోడ కాలేజీవారిది, నాకేం సంబంధం అన్నట్టు నేను వ్యాసాల్లోకి తల దూర్చాను.

"నాదేముంది" అన్నాడు కూబిక్. "గాలి సాయం."

టోబీ తలెత్తి జెండా వైపు చూశాడు. నేనూ చూశాను. మా ఊళ్లో ఎప్పుడోగాని జరగని వింత: జెండా స్తంభానికి అతుక్కుని, ఆరేసిన తువ్వాలులా కదలకుండా వేలాడుతోంది.

కూబిక్ మాత్రం అటు చూడలేదు. "అక్కడ చలికి చస్తావు" అని, బంతుల సంచీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.