జగన్నాధం పదో తలకాయ

నెల్లిమర్ల జూట్ మిల్లు దారిలో కిరాణా కొట్టున్న జగన్నాధం పైకి షావుకారు, లోపల లంకేశ్వరుడు. శనగపిండి పొట్లం కడుతూ కడుతూ ఉన్నట్టుండి గుడ్లురిమి "ఓరీ వానరాధమా" అనేవాడు. కొత్తవాళ్ళయితే పొట్లం వదిలేసి పోయేవాళ్ళు. పాతవాళ్ళు చిల్లర తీసుకుని మరీ పోయేవాళ్ళు.

ఆయన ప్రాణమంతా ఏకపాత్రాభినయంలో ఉంది. భార్య శ్యామలాంబ ఎదుట ఒక్క వాక్యం పూర్తిచేయలేని మగాడికి పావుగంటసేపు ఎవరూ అడ్డురాని చోటు అంతకుమించి ఎక్కడ దొరుకుతుంది?

వచ్చిన చిక్కల్లా నోటితోనే. పోయినేడు శివరాత్రికి వీధి స్టేజీ ఎక్కి, కత్తి దూసి, "నా సంద్రహాసం సూడు" అని గర్జించాడు. కమిటీ పెద్ద వేంకటాచలం మైకు లాక్కున్నంత పని చేశాడు.

"రావణాసురుడు నాలుగేదాలు సదివినోడు బావా. నీలాగ మాటాడతాడేటి? విజయనగరం పోటీలకెళ్ళి, నోరు బాగుందని అనిపించుకునిరా. లేపోతే నీ టైము ఆర్కెస్ట్రాకి ఇచ్చీస్తాను."

అన్నవాడు కూడా 'సదివినోడు' అనే అన్నాడు. అయితే కమిటీ పెద్దకి ఉచ్చారణ అక్కర్లేదు కదా.

ఆర్కెస్ట్రా మాటతో జగన్నాధానికి నిద్ర పట్టలేదు. పక్కవీధిలో సంగీతం చెప్పే రాగసుధ దగ్గరికి పరిగెత్తాడు. ఆ అమ్మాయి తెలివైనది. "మీ సరుకులతోనే మొదలెడదాం బాబాయ్‌గారూ. చింతపండు, చీపురు, చక్కెర" అంది. నెల్లాళ్ళు కొట్టంతా 'చ' మయం. ఒకరోజు లక్ష్మణమ్మ వచ్చి పావుకిలో సింతపండు అడిగింది.

"చింతపండు అనాలమ్మా" అన్నాడు జగన్నాధం.

"కొత్తరకం వొద్దు బాబూ. ఎప్పుడూ ఇచ్చే సింతపండే ఇచ్చీ" అంది ఆవిడ.

పోటీ రోజు రానే వచ్చింది. బిస్కెట్ డబ్బాల అట్ట కత్తిరించి చేసిన తొమ్మిది తలలు కిరీటానికి కట్టుకుని జగన్నాధం స్టేజీ ఎక్కాడు. రెండో వరసలో శ్యామలాంబ, రాగసుధ. వెనకాల తలుపు దగ్గర వేంకటాచలం. బావ బోల్తాపడటం కళ్ళారా చూద్దామని బస్సెక్కి వచ్చాడు.

"చంద్రహాసం" అన్నాడు జగన్నాధం. గంట కొట్టినట్టు పలికింది. "చూడు" అన్నాడు. "చాలు" అన్నాడు. రాగసుధ వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. ఒక్క 'చ' కూడా తప్పలేదు. శ్యామలాంబ ఆ అమ్మాయి మోకాలు గిల్లేస్తోంది. ఇక అశోకవనం. జగన్నాధం రొమ్ము విరిచి, రెండు చేతులూ చాచి, ఊపిరంతా బిగబట్టి పిలిచాడు.

"ఓ చీతా."

హాలు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత కుర్చీలు విరిగేలా నవ్వింది. 'చ' మీద అంత మోజు పెంచితే 'స'కి దిక్కుండదని పాపం రాగసుధకీ తట్టలేదు. వేంకటాచలం అప్పుడే చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఏకపాత్రలో ఉన్న తంటా ఇదే, తప్పు పక్కవాడి మీదకి నెట్టేద్దామంటే పక్కవాడుండడు.

ఉండడా? జగన్నాధం మెల్లగా అట్టతలల వైపు తిరిగాడు.

"ఎవడురా ఆ కూత కూసింది?"

నవ్వు ఆగిపోయింది. ఎనిమిది తలలు ఎనిమిది గొంతులతో "నేను కాదు ప్రభూ" అన్నాయి. ఎడంవైపు చివర దారం వదులై వేలాడుతున్న పదో తలకాయ మాత్రం గొణిగింది.

"నానే బాబూ. మాది సిక్కోలు. పెద్దోల్ల మద్దిన మాటాడాలని బయపడి అలగ అనీసాను. కోసీమంటే కోసీ. కోస్తే నీకే నొప్పి."

"మూర్ఖుడా, మరి ఆమెను ఏమని పిలుస్తావు?"

"సీతమ్మతల్లీ అంటాను. అనీసి, ఆయమ్మని ఇంటికాడ దిగబెట్టీసొస్తాను. నాలుగేదాలు సదివిన తలకాయలు తొమ్మిదున్నాయి, ఈపాటి బుద్ది ఒక్కదానికీ లేదేటి?"

హాలు లేచి నిలబడింది. రావణుడికీ సిక్కోలు తలకీ వాదన ముదిరింది, రావణుడు ఓడిపోతూనే ఉన్నాడు. టైమైపోయిందని గంట కొట్టినా వినే నాథుడు లేడు.

మార్కులు చదివారు. ఉచ్చారణకి జగన్నాధానికి పదికి మూడు. ప్రైజు పాలకొండ నుంచి వచ్చిన లెక్కల మేష్టారికి వెళ్ళింది. వరండాలో కిరీటం ఊడదీసుకుంటుంటే వేంకటాచలం వచ్చి నిలబడ్డాడు.

"మూడంట కదా బావా."

"మూడే."

"నోరు బాగుందని ఎవులూ అన్లేదు."

జగన్నాధం దారం ముడి విప్పుతున్నాడు. ఎంతకీ రావడంలేదు.

"మాటంటే మాటే. నీకు స్టేజీ ఇవ్వను" అన్నాడు వేంకటాచలం. "ఆ పదో తలకాయకి ఇస్తాను. శివరాత్రికి తీసుకొచ్చీ. పావుగంట."

జగన్నాధం ముడి వదిలేశాడు.

"పావుగంటేటి సరిపోతాది బావా? అది మాటాడాలి, నాను ఓడిపోవాలి. అరగంట ఇచ్చీ."